కౌంటీ ఓటును గాలికొదిలేస్తే ఎలా?

వర్జీనియాలోని ప్రిన్స్ విలియం కౌంటీ బోర్డు సమావేశం ఒకటి 2023 డిసెంబరు 12న మొదలై మర్నాడు గానీ ముగియలేదు. దాదాపు 27 గంటలు నడిచింది. వందల మంది మైకు ముందుకొచ్చి గోడు చెప్పుకున్నారు. చివరికి నలుగురు ఔనన్నారు, ముగ్గురు కాదన్నారు, ఒకరు తటస్థంగా ఉండిపోయారు. మనాసస్ యుద్ధక్షేత్రం పక్కనే రెండు వేల ఎకరాలకు పైగా భూమిలో డేటా సెంటర్లు కట్టుకోవడానికి దారి తెరుచుకుంది. ఇందులో అమెరికా అధ్యక్షుడి ప్రమేయం లేదు, గవర్నరు సంతకం లేదు. ఆ రోజు నలుగురి ఓటుతో పని జరిగిపోయింది.

ఆ నలుగురిలో బోర్డు అధ్యక్షురాలు ఆన్ వీలర్ ఒకరు. డేటా సెంటర్ల గొడవే ప్రధానమైన జూన్ ప్రైమరీలో ఆమె అప్పటికే ఓడిపోయారు. ఆమెపై నెగ్గిన డెషుండ్రా జెఫర్సన్ నవంబరులోనూ గెలిచారు గానీ, పదవి చేపట్టేది జనవరిలో. దిగిపోయే బోర్డు దిగిపోతూనే పని కానిచ్చేసింది. స్థానికులు కోర్టుకెక్కారు. బహిరంగ విచారణకు ముందు పత్రికల్లో ఇవ్వాల్సిన ప్రకటనలు చట్టప్రకారం ఇవ్వలేదంటూ, ఆ భూమి వాడకాన్ని మార్చిన బోర్డు నిర్ణయాన్ని (రీజోనింగ్‌ను) 2025 ఆగస్టులో సర్క్యూట్ కోర్టు కొట్టేసింది. సొంత డబ్బు పెట్టి లాయర్ల చుట్టూ తిరగాల్సిన ఈ అగత్యానికి మూలం 2019లో ఎన్నికైన బోర్డు. ఆనాడు పోలింగ్ కేంద్రం వైపు వెళ్లనివారికి కూడా ఇందులో వాటా ఉంది.

పక్కనున్న లౌడన్ కౌంటీలో, ముఖ్యంగా ఆష్‌బర్న్, బ్రాంబుల్టన్ ప్రాంతాల్లో, తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. అక్కడి తొమ్మిది మంది సూపర్‌వైజర్లే ఇంటిపన్ను రేటు ఖరారు చేస్తారు, బడులకు ఎంత డబ్బివ్వాలో తేలుస్తారు, ఏ పొలంలో ఏం కట్టవచ్చో చెబుతారు. మార్ట్‌గేజ్ కిస్తీ ఉన్నట్టుండి పెరిగిందేమిటని ఎస్క్రో కాగితం పట్టుకుని తల గోక్కునేవాళ్లు అడగాల్సింది బ్యాంకును కాదు, ఈ బోర్డును. బహిరంగ విచారణ లేకుండానే డేటా సెంటర్లు కట్టుకునే హక్కును 2025 మార్చిలో తీసేసిందీ ఇదే బోర్డు. చెరిచేదీ దిద్దేదీ ఒకే చోట ఉన్నప్పుడు ఆ చోటును పట్టించుకోకపోతే ఎలా?

మనవాళ్ల నిర్లక్ష్యానికి ఒక కారణం ఊరి అనుభవం. జడ్పీటీసీ సభ్యుడి చేతిలో ఏముంటుంది, నిధులన్నీ హైదరాబాదో అమరావతో దయతలిస్తేనే కదా అన్న లెక్కను ఇక్కడికీ మోసుకొచ్చాం. ఇక్కడ ఆ లెక్క చెల్లదు. పోనీ ఎన్నికలంటేనే ఆసక్తి లేదా అంటే అదీ కాదు. మన తెలుగు సంఘాల ఎన్నికల్లో ప్యానెళ్ల పోరు సాగినప్పుడు అర్ధరాత్రి దాకా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అందులో పదో వంతు పట్టుదల కౌంటీ మీద పెట్టినా చాలు.

ఈ రెండు కౌంటీల్లోనూ బోర్డు ఎన్నికలు 2027 నవంబరు 2న. అసలు పోటీ చాలాచోట్ల జూన్ ప్రైమరీలోనే తేలిపోతుంది. వర్జీనియాలో ఓటరుగా నమోదైతే చాలు, ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఒకదానిలో ఓటేయవచ్చు. 45 రోజుల ముందు నుంచే పోలింగ్ మొదలవుతుంది కాబట్టి తీరిక లేదన్న సాకు నిలవదు. పౌరసత్వం వచ్చిన ప్రతి తెలుగువాడూ జూన్‌లోనూ నవంబరులోనూ ఓటేసి తీరాలి. సంక్రాంతి వేదికలెక్కి శాలువాలు కప్పించుకునే అభ్యర్థులను ముందు రెండు విషయాలు నిలదీయాలి: పన్ను రేటు ఎంత, మా వెనక పొలం సంగతేమిటి? గ్రీన్ కార్డు వరుసలో ఏళ్లుగా నిలబడినవారికి ఓటు లేకపోయినా బహిరంగ విచారణలో మాట్లాడే వీలుంది. పేరు నమోదు చేసుకుని వెళ్లాలి, ఇచ్చిన రెండు మూడు నిమిషాల్లో పన్ను కడుతున్నవాళ్లమేనని గట్టిగా చెప్పాలి.