ఉద్యోగానికి ఉత్తరం: పొగడ్తలు వద్దు, చేసిన పని రాయాలి

(మా విలేఖరి)

మన జిల్లాలో చదువుకున్న పిల్లలకు కొదవ లేదు. ఇంటరో, ఐ.టి.ఐ.నో, డిగ్రీయో ముగించి ఇంటిపట్టున వున్నవారు ప్రతి పల్లెలోనూ కనిపిస్తారు. పెనుకొండ వద్ద కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని చుట్టుపక్కల విడిభాగాల పరిశ్రమలు వెలిశాయి. హిందూపురంలో పాత పరిశ్రమలు వుండనే వున్నాయి. బెంగుళూరు కూడా దూరం కాదు. అయినా పల్లెల నుంచి పోయే దరఖాస్తులు అనేకం జవాబు లేకుండానే బుట్టదాఖలు అవుతున్నాయి. పోటీ ఎక్కువైన మాట నిజమే. కాని దరఖాస్తుతో జతపరిచే ఉత్తరాన్ని మనవారు అశ్రద్ధ చేయడం కూడా ఒక కారణమని చెప్పక తప్పదు.

సర్కారు కొలువులకు ఉత్తరంతో పని లేదు. అక్కడ పరీక్ష, మార్కులు, రిజర్వేషన్లు చూస్తారు. పెద్ద కర్మాగారాలలో కాంట్రాక్టరు కింద చేరేవారికి ఫారం నింపితే సరిపోతుంది. ఉత్తరం అక్కరకు వచ్చేది ప్రైవేటు ఆఫీసులలో, ఆసుపత్రులలో, బడులలో, షోరూములలో, చిన్న పరిశ్రమలలో. అటువంటి చోట్ల ఒకరో ఇద్దరో కూర్చుని, వచ్చిన కాగితాలు తిరగేసి, ఎవరిని పిలవాలో తేలుస్తారు. ఒక్కొక్క కాగితం మీద వారి చూపు నిలిచేది కొద్దిసేపే.

ఆ కొద్దిసేపటిలో వారికి కనిపించేది ఏమిటి? మండల కేంద్రంలోని ఇంటర్నెట్ సెంటరులో నమూనా ఉత్తరం ఒకటి తయారుగా వుంటుంది. పేరు, వూరు మార్చి, అచ్చు తీసి, డబ్బు పుచ్చుకుని చేతికిస్తారు. కష్టపడి పనిచేస్తాననీ, నిజాయితీ గలవాడిననీ అందులో వుంటుంది. పక్కవూరి కుర్రవాడి ఉత్తరంలోనూ అవే మాటలు. ఆ మాటలు అబద్ధమని కాదు. అందరూ ఒకే మాట చెబితే ఎవరిని పిలవాలో చదివేవారికి తోచదు. ఈమధ్య ఫోనులోని కృత్రిమ మేధను అడిగినా క్షణంలో ఇంగ్లీషు ఉత్తరం రాసి ఇస్తున్నది. భాషలో తప్పులు దిద్దుకోవడానికి అది పనికివస్తుంది. కాని మీరు ఏ పని చేశారో మీరు చెప్పనిదే దానికి తెలియదు.

మరికొందరు ఇంటి కష్టాలు ఏకరువు పెడతారు. తండ్రి అప్పులు, చెల్లెలి పెళ్లి, ఎండిన బోరు. చదివేవారికి జాలి కలగవచ్చు. జాలిపడి జీతం ఇచ్చే యజమాని మాత్రం అరుదు.

రామానుజన్ దరఖాస్తు

గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన ఎఫ్.ఏ. పరీక్ష తప్పారు. ఎఫ్.ఏ. అంటే నేటి ఇంటర్మీడియట్ వంటిది. 1912 ఫిబ్రవరిలో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఉత్తరం చాలా చిన్నది. మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాననీ, ఎఫ్.ఏ. వరకు చదివి, పరిస్థితులు కలిసిరాక ఆపవలసి వచ్చిందనీ దాచకుండా రాశారు. అప్పటి నుంచి తన కాలమంతా గణితానికే వినియోగిస్తున్నాననీ, ఉద్యోగమిస్తే దానికి న్యాయం చేయగలననీ చెప్పారు. అంతే. మార్చి 1న పనిలో చేరారు.

సిఫారసు లేకుండా వచ్చిందా అని ఎవరైనా అడగవచ్చు. సిఫారసు వున్నది. ప్రెసిడెన్సీ కళాశాల గణిత ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన ఉత్తరం దానికి జతపరిచారు. ఈ యువకుడు అంకెల పనిలో చాలా చురుకైనవాడని ఆ ఆచార్యుడు రాశారు. లెక్కల గుమాస్తాకు కావలసింది అదే కదా! మనవారు ఎమ్మెల్యే సిఫారసు చీటీ కోసం నెలల తరబడి తిరుగుతారు. ఆ నాయకుడు కుర్రవాడి పనిని ఎన్నడూ చూసి వుండడు. పని చూసిన మేస్త్రీ గాని, మాస్టారు గాని రాసిచ్చే నాలుగు ముక్కలు అంతకంటే విలువైనవి.

పల్లె పని తక్కువది కాదు

మన పిల్లలు తమకు అనుభవం లేదంటారు. పాలకేంద్రంలో రెండేళ్లు వెన్న శాతం చూసి, రోజువారీ పుస్తకం రాసిన కుర్రవాడు ఆ సంగతి ఉత్తరంలో పెట్టడు. తల్లి వున్న డ్వాక్రా సంఘం లెక్కలు తప్పు లేకుండా రాసిన అమ్మాయి దానిని పని అనే అనుకోదు. మోటారు వైండింగు షాపులో చేయి తిరిగినవాడు, డ్రిప్పు పైపులు బిగించినవాడు ఇదే మాదిరి. లెక్కల పనికి, మరమ్మతు పనికి మనిషి కావలసినవారు వెతికేది ఈ అనుభవాన్నే. నామోషీ అనుకుని దానిని దాచిపెట్టడం విచారకరం.

ఉత్తరం ఒక పేజీ దాటనక్కరలేదు. ఏ ఉద్యోగానికి రాస్తున్నారో, ఆ ఖాళీ సంగతి ఎలా తెలిసిందో మొదటే చెప్పాలి. ఆ ఉద్యోగానికి పనికివచ్చే పని మీరు ఎక్కడ, ఎంతకాలం చేశారో రెండు మూడు వాక్యాలలో రాయాలి. చదువు మధ్యలో ఆగి వుంటే కారణం ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగాలి. ఎప్పటి నుంచి చేరగలరో, మీ పని చూసినవారు ఎవరో రాసి, ఫోను నెంబరు సరిచూసుకోవాలి. ఒక సంస్థకు రాసిన ఉత్తరాన్ని పేరు మార్చి మరొక సంస్థకు పంపరాదు. లేని అనుభవం కల్పించరాదు. పనిలో చేరిన మొదటి రోజే ఆ గుట్టు బయటపడుతుంది.

ఇంగ్లీషు రాదన్న బెంగ పెట్టుకోనక్కరలేదు. ముందు తెలుగులో రాసుకుని, తెలిసినవారి చేత చిన్న చిన్న వాక్యాల ఇంగ్లీషులోకి మార్పించుకోవచ్చు.

మన జూనియర్ కళాశాలల్లో, ఐ.టి.ఐ.లలో చివరి సంవత్సరం విద్యార్థుల చేత ఇటువంటి ఉత్తరం ఒకటి రాయించి, దిద్ది ఇవ్వడానికి ఒక్క పూట చాలు. ప్రిన్సిపాళ్లు, అధ్యాపకులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా వున్నది. గ్రంథాలయాలలో కూడా ఆదివారాలు ఈ పని పెట్టుకుంటే పల్లెల పిల్లలకు మేలు చేసినవారవుతారు.