బయానా ఇచ్చాక

ఇల్లు కట్టి చూడమన్నారు మన పెద్దలు. ఈ కాలిఫోర్నియాలో కట్టే పని లేదు, కొని చూస్తే చాలు.

కిందటి తరం వాళ్ళకి వడ్డీ రేటే పెద్ద భూతం. 1981 అక్టోబరులో ముప్ఫై ఏళ్ళ లోను మీద వడ్డీ 18 శాతం దాటింది. 2021 జనవరిలో అదే 3 శాతం లోపుకి దిగింది, 2023 అక్టోబరులో మళ్ళీ 8కి దగ్గరగా వెళ్ళింది. మూడు శాతానికి లోను దొరికిన వాళ్ళు ఇల్లు ఎందుకు వదులుతారు? అందుకే అమ్మేవాళ్ళు తక్కువ, కొనేవాళ్ళు బారులు.

2024 వసంతంలో మా మేనల్లుడు ఫ్రీమాంట్‌లో ఇల్లు వెతికాడు. శని, ఆదివారాలు ఓపెన్ హౌసు, మంగళవారం మధ్యాహ్నానికి ఆఫర్లు. నాలుగు ఇళ్ళు చేజారాయి. (మన వాళ్ళందరికీ తూర్పు ముఖమే కావాలి. తూర్పు గుమ్మం ముందు చెప్పుల జోళ్ళు చూస్తే గుడి ముందు ఉన్నామేమో అనిపించేది!) అయిదో ఇంటికి మా కోడలు అమ్మేవాళ్ళకి ఓ ఉత్తరం రాసింది. మీ నిమ్మచెట్టు బాగుంది, మా పిల్లలు ఇక్కడ పండగలు చేసుకుంటారు, అంటూ. ఏజెంటు చదివి పక్కన పెట్టేసింది. మతం, దేశం చూసి ఇల్లు అమ్మడం, మానడం 1968 చట్టం ప్రకారం తప్పు, అవి తెలిసిపోయే ఉత్తరం మేం పంపం అంది.

అడిగిన ధర 14 లక్షల డాలర్లు. వీడు 15 లక్షల 60 వేలు రాశాడు. అంతటితో ఆగితే బాగుండేది. పోటీలో నెగ్గడానికి కంటింజెన్సీలు, అంటే మనకి రక్షణగా ఉండే షరతులు, అన్నీ వదులుకున్నాడు. ఇల్లు వచ్చింది. బయానా 3 శాతం, 46,800 డాలర్లు, ఎస్క్రోలో పడింది.

పది రోజులకి బ్యాంకు తరఫున వచ్చిన అప్రైజరు ఆ ఇంటి విలువ 14 లక్షల 90 వేలే అన్నాడు. అమ్మకం ధర, అప్రైజలు, రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే బ్యాంకు 80 శాతం ఇస్తుంది. లెక్క వేస్తే 56 వేల డాలర్లు చేతినుంచి అదనంగా కట్టాలి. అప్రైజలు షరతు ఉండి ఉంటే బయానా వెనక్కి తీసుకుని బయటపడేవాడు. ఇప్పుడు తప్పుకుంటే 46,800 పోతాయి.

రాత్రి పదకొండింటికి ఫోను. "మామయ్యా, నాన్నగారికి చెప్పద్దు" అన్నాడు. నేను చెప్పాను. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

తెనాలిలో మా బావగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. పిల్లాడి దగ్గర 20 వేలున్నాయి, తక్కిన 36 వేలు, అంటే దరిదాపు 30 లక్షల రూపాయలు, తన ఫిక్స్‌డ్ డిపాజిట్లు విరిచి పంపుతానన్నారు. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపడానికి రిజర్వు బ్యాంకు ఒప్పుకుంటుంది, అది చిక్కు కాదు. చిక్కల్లా అప్పట్లో 7 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు ముందే 20 శాతం పన్ను పట్టేది. (2025 ఏప్రిల్‌లో ఆ హద్దు 10 లక్షలు చేశారు.) రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది గాని, అప్పటిదాకా నాలుగు లక్షల అరవై వేలు అదనంగా చేతిలో ఉండాలి. అక్కయ్య గాజులు బ్యాంకులో పెట్టారని నాకు తరవాత తెలిసింది. వాడికి ఇప్పటికీ తెలియదు, ఈ సంచిక చూస్తే తప్ప.

ఇక్కడి బ్యాంకు వాళ్ళు ఇంకో కాగితం అడిగారు. ఈ డబ్బు బహుమతి, తిరిగి ఇవ్వనక్కర్లేదు అని తండ్రి సంతకం చేసి పంపాలి. అది లేకపోతే అప్పు కింద లెక్కేస్తారు. వాడు సిగ్గుపడుతూనే వివరించాడు. బావగారు ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తరవాత, "తిరిగిమ్మని నేనెప్పుడడిగానురా, అడగనని రాసివ్వడానికి?" అన్నారు.

సంతకం చేసి పంపారు. మొన్న వేసవిలో తెనాలి వెళ్ళినప్పుడు చూశాను. ఇంటి దస్తావేజులున్న ట్రంకుపెట్టెలో, అన్నిటికన్నా పైన, ఆ ఉత్తరం జిరాక్సు కాపీ.