సీసాలో మెకానిక్

అమెరికాలో ఏ ఆటో పార్ట్స్ దుకాణానికైనా వెళ్ళి చూడండి. బ్యాటరీలూ వైపర్లూ దాటగానే ఒక గోడ నిండా రంగురంగుల సీసాలు కనబడతాయి. ఇంజెక్టర్ క్లీనరు, ఫ్యూయెల్ సిస్టం క్లీనరు, ఆక్టేన్ బూస్టరు, క్యాటలిటిక్ కన్వర్టర్ క్లీనరు, ఎమిషన్ టెస్టు గట్టెక్కించే మరో క్లీనరు... ఒక్కోటి 8 నుంచి 15 డాలర్లు, కొన్ని ఇంకా ఎక్కువ. ట్యాంకులో పోస్తే చాలట. పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, కుదుపు పోతుంది, లైటు ఆరిపోతుంది. మా చిన్నప్పుడు బస్టాండులో తైలం అమ్మేవాడు కూడా ఇన్ని రోగాలు ఒక్క గుక్కలో చెప్పలేకపోయేవాడు.

ఈ సీసాల మీద నాకున్న కోపం ఆ పది డాలర్ల గురించి కాదు. పది డాలర్లు మనం రోజూ ఎక్కడో అక్కడ తగలేస్తూనే ఉంటాం. కోపమల్లా వీటిని కొనేది ఎవరన్నదాని గురించి. డబ్బున్నవాడి కారులో లైటు వెలిగితే డీలరు దగ్గర పడేసి, వాళ్ళిచ్చే లోనర్ కారులో ఆఫీసుకు పోతాడు. సీసా కొనేది మొన్ననే దిగిన ఎమ్మెస్ కుర్రాడు, భర్త జీతం మీద ఇల్లంతా నడిపే అమ్మాయి, లక్షా యాభైవేల మైళ్ళు తిరిగిన కారుని ముగ్గురు సీనియర్ల చేతులు మారాక నాలుగోవాడిగా కొనుక్కున్నవాడు. మెకానిక్కంటే భయం, బిల్లంటే ఇంకా భయం. ఆ భయానికి మందు సీసాలో దొరుకుతుందని చెప్పేది ఎవరో తెల్లవాడు కాదండీ, మనవాడే. "ఏం కాదు బ్రో, ఒక సీసా పొయ్యి, తగ్గిపోద్ది."

మనవాళ్ళకి ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసనే అనుకుంటాను. మన ఇళ్ళల్లో స్కూటర్లుండేవి. బంకులో పెట్రోలుతోపాటు లీటరుకింతని టూ టీ ఆయిలు కలిపి పోసేవాళ్ళు. అందులో మాయేమీ లేదు. టూ స్ట్రోక్ ఇంజిన్లో క్రాంకుకీ పిస్టనుకీ విడిగా నూనె అందించే ఏర్పాటు ఉండదు, పెట్రోలుతో వచ్చే ఆ కాస్త నూనే దిక్కు. కలపడం మర్చిపోతే బండి సీజయి నడిరోడ్డు మీద కూర్చునేది. అలా "పెట్రోల్లో ఏదో ఒకటి కలిపితేనే బండి ఆరోగ్యం" అన్నది మన తరం బుర్రల్లో నాటుకుపోయింది. తర్వాత ఫోర్ స్ట్రోక్ బళ్ళొచ్చాయి, ఆయిలు కాస్తా ఇంజిను అడుగుకి వెళ్ళిపోయింది, నమ్మకం మాత్రం ట్యాంకులోనే ఉండిపోయింది.

పెట్రోల్లో కలిపేవన్నీ మోసమని నేననటం లేదు. 1921లో జనరల్ మోటార్స్‌లో పనిచేస్తున్న థామస్ మిడ్గ్లే సీసం సమ్మేళనం కలిపితే (సీసా కాదు, సీసం) ఇంజిను నాకింగ్ ఆగిపోతుందని కనిపెట్టాడు. అది నిజంగానే పనిచేసింది. ఆ విషం ప్రపంచంలోని పెట్రోలు బంకులన్నిటినీ వదలడానికి 2021 దాకా పట్టింది, అది వేరే కథ. ఇప్పటి సీసాల్లో పనికొచ్చే సరుకు పేరు పాలీఈథర్ అమీన్. సబ్బు లాంటిది. ఇంజెక్టర్ మూతి దగ్గరా, ఇన్‌టేక్ వాల్వుల మీదా పేరుకున్న మసిని కరిగిస్తుంది. పోర్ట్ ఇంజెక్షన్ ఉన్న పాత కారులో, నిజంగా ఇంజెక్టర్లే మురికి పట్టి ఉంటే, ఒకటి రెండు ట్యాంకుల్లో తేడా తెలుస్తుంది కూడా. ఆరునెలలు షెడ్డులో పెట్టబోయే బండికి స్టెబిలైజరు, మిన్నెసోటా చలిలో డీజిలు గడ్డకట్టకుండా పోసే మందు... ఇవీ న్యాయమైనవే.

కానీ ఆ సబ్బు మీరు పంపు దగ్గర ఇప్పటికే కొంటున్నారు. అమెరికాలో అమ్మే పెట్రోల్లో డిటర్జెంటు ఉండి తీరాలని ఈపీఏ 1995 నుంచీ నిబంధన పెట్టింది. ఆ మోతాదు చాలటం లేదని 2004లో బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టొయోటా కలిసి టాప్ టియర్ అని ఒక ప్రమాణం తెచ్చాయి. 2016లో ట్రిపుల్ ఏ వాళ్ళు పరీక్ష చేయిస్తే, 4000 మైళ్ళకు సమానమైన నడకలో, ఆ ప్రమాణం లేని పెట్రోలు పోసిన ఇంజిన్లలో వాల్వుల మీద సగటున 19 రెట్లు ఎక్కువ మసి కనిపించింది. అంటే గ్యాలనుకి నాలుగు సెంట్లు మిగుల్చుకోవడానికి ఊరి చివర పేరులేని బంకులో పోయించి, ఆ మిగిలిన డబ్బుతో సీసా కొంటున్నామన్నమాట!

ఇంకో తమాషా ఉంది. ఈమధ్య, అంటే గత పదిహేనేళ్ళుగా, చాలా కార్లలో డైరెక్ట్ ఇంజెక్షన్ వచ్చింది. ఇందులో పెట్రోలు తిన్నగా సిలిండరులోకే పడుతుంది. ఇన్‌టేక్ వాల్వుని తాకనే తాకదు. తాకని వాల్వుని ట్యాంకులో పోసిన సబ్బు ఎలా కడుగుతుంది? పెరట్లో బావి పెట్టుకుని వీధి అరుగు తడవలేదేమిటని చూడటమే. ఆ మసి పోవాలంటే మానిఫోల్డు విప్పి, వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి గీకించాలి. ఆ రకం ఇంజిను గల కారులో కూడా "వాల్వులు శుభ్రమవుతాయి" అని సీసా పోసేవాళ్ళని నా కళ్ళతో చూశాను. అలాంటి ఇంజిన్లు ఇప్పుడు మెల్లిగా పాత కార్ల జాబితాలోకి వస్తున్నాయి కాబట్టి ఈ వ్యాపారం ఇంకా పెరుగుతుంది.

సరే, ఇంతకీ పాత ఇంజినుకి వచ్చే జబ్బులేమిటి? మిస్సింగ్ కొడుతుంటే చాలాసార్లు ప్లగ్గులో, ఇగ్నిషన్ కాయిలో. ఐడిల్‌లో పైకీ కిందకీ ఊగుతుంటే ఎక్కడో వ్యాక్యూమ్ గొట్టం పగిలి ఉండొచ్చు. నీలం పొగ వస్తే ఆయిలు తగలబడుతోంది, రింగులో వాల్వు సీళ్ళో అరిగాయి (మన ఊళ్ళో "బోరుకొచ్చింది" అనేది దీన్నే). ఇంజిను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, రేడియేటరు నీళ్ళు తగ్గుతుంటే, హెడ్ గాస్కెట్ సంగతి చూసుకోవాలి. నల్లపొగయితే పెట్రోలు ఎక్కువ పోతోంది. వీటిలో ఏది సబ్బుతో పోతుందో చెప్పండి. జిందా తిలిస్మాత్‌తో జలుబు తగ్గుతుందేమో గానీ విరిగిన కాలు అతుక్కోదు కదా.

2007-2009 నాటి క్యామ్రీల్లో 2.4 లీటర్ల ఇంజిను ఆయిలు తాగేది. మనవాళ్ళలో ఆ కారు లేని అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ ఉండేది కాదు కనుక చాలామందికి గుర్తుండే ఉంటుంది. తయారుచేసిన కంపెనీ దానికి ఏం చేసింది? వారంటీ పొడిగించి, పరీక్షలో తేలినవాటికి పిస్టన్లూ రింగులూ మార్చి ఇచ్చింది. సీసాతో పోయేదే అయితే వాళ్ళు ఇంటింటికీ ఒక సీసా పోస్టులో పంపి చేతులు దులుపుకునేవాళ్ళు కారా?

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "నేను పోశాను, నాకు తగ్గింది" అని. తగ్గే ఉంటుంది. చెక్ ఇంజిన్ లైటు స్వభావమే అంత. లోపం మళ్ళీ కనబడకుండా వరసగా మూడు డ్రైవ్ సైకిళ్ళు గడిస్తే అదే ఆరిపోతుంది. కదిలీ కదలని వైరో, వానకి తడిసిన కాయిలో అయితే మీరు సీసా పోసినా, కొబ్బరికాయ కొట్టినా ఆరుతుంది. పైగా సీసా మీదే రాసి ఉంటుంది, పోశాక కాసేపు హైవే మీద నడపమని. ఊళ్ళో రెండేసి మైళ్ళు తిరిగే కారు హైవే ఎక్కితే మామూలుగానే కాస్త తేలికపడుతుంది. మా వృత్తిలో దీనికి సరిజోడు పోలిక ఉంది. మెమరీ లీకయ్యే సర్వరుని రోజూ రాత్రి రీబూట్ చేసేసి "ఫిక్స్ అయింది" అని టికెట్ మూసేసే మహానుభావులుంటారు. లాగ్ ఫైలు మాత్రం ఎవడూ తెరిచి చూడడు. కారులో కూడా లాగ్ ఫైలుంది బాబూ! 1996 నుంచీ అమెరికాలో అమ్మిన ప్రతి కారుకీ స్టీరింగు కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. ఇరవై డాలర్ల స్కానరు పెడితే ఏం నొప్పో అదే చెబుతుంది. అది కూడా కొననక్కరలేదు, ఆ సీసాలమ్మే పెద్ద దుకాణాల్లోనే చాలాచోట్ల ఊరికే చదివిపెడతారు.

రెండేళ్ళ క్రితం మా కాంప్లెక్స్‌లో ఉండే ఒక కుర్రాడి కారు లైటు వెలగడం కాదు, మిణుకు మిణుకుమనడం మొదలెట్టింది. వెలిగితే "చూపించుకో" అని అర్థం, మిణుకుమంటే "ఆపు" అని అర్థం. సిలిండరులో మండని పెట్రోలు ఎగ్జాస్టులోకి పోయి కన్వర్టరులో మండి దాన్ని కాల్చేస్తుంది. కుర్రాడికది తెలియదు. రూమ్మేట్లు చెప్పిన ప్రకారం మూడు వారాల్లో మూడు సీసాలు పోశాడు, ఒక్కోసారి ఒక్కో కంపెనీది. నా దగ్గరకి వచ్చేసరికి "అన్నా, కుళ్ళిన గుడ్ల వాసనొస్తోంది" అన్నాడు. స్కానరు పెడితే రెండు కోడ్లు. పి 0302, అంటే రెండో సిలిండరు మిస్సింగు. పి 0420, అంటే కన్వర్టరు పని అయిపోయింది. రెండో సిలిండరు కాయిలు తీసి మూడోదానికి పెట్టాం, మూడోది ఇటు పెట్టాం. మళ్ళీ నడిపితే కోడు 0303కి మారింది. కాయిలే దొంగ. పది మిల్లీమీటర్ల సాకెట్టు, ఒక బోల్టు, పావుగంట పని. కాయిలు 55 డాలర్లు. కన్వర్టరు మాత్రం అన్నీ కలిపి 1800 అయింది. గంటకి 11 డాలర్ల క్యాంపస్ ఉద్యోగం, వారానికి 20 గంటలకి మించి చెయ్యడానికి లేదు. అంటే ఎనిమిది వారాల పైచిలుకు కష్టం. మూడు సీసాలు వాడికి మిగిల్చింది అదీ. సీసా కారుని నేరుగా పాడుచెయ్యలేదు, నిజమే. మూడు వారాలు తినేసింది.

"మెకానిక్కులు మాత్రం దోచుకోరా?" అంటారు. కొందరు దోచుకుంటారు. ఆయిలు మార్చడానికి వెళ్తే ఫ్యూయెల్ సిస్టం సర్వీసని 150 డాలర్లకి ఇదే సబ్బుని కాస్త పెద్ద డబ్బాలోంచి పోసేవాళ్ళు కూడా ఉన్నారు. దానికి విరుగుడు కోడు తెలుసుకుని వెళ్ళడం. రోగం పేరు తెలిసినవాణ్ణి మోసం చెయ్యడం కష్టం.

ఇక అసలు రోత పుట్టించే సంగతి ఒకటుంది. ఉద్యోగమొచ్చి ఊరు మారేవాడు కారు అమ్మేముందు ట్యాంకులో ఓ సీసా పోసి, స్కానరుతో కోడు చెరిపేసి, లైటు ఆరి ఉండగానే కొత్తగా దిగిన జూనియరుకి అంటగట్టేస్తాడు. "సూపర్ కండిషన్ రా, మొన్ననే క్లీనరు కూడా పోశా." విమానాశ్రయానికి వెళ్ళి దించుకొచ్చినవాడూ వీడే, మొదటివారం పప్పన్నం పెట్టినవాడూ వీడే. అందుకే అవతలివాడు అనుమానించడు. కొనేవాళ్ళకి ఒక్కమాట: కోడు చెరిపితే దాంతోపాటు రెడీనెస్ మానిటర్లు కూడా ఖాళీ అయిపోతాయి, మళ్ళీ నిండాలంటే కొన్ని రోజులు నడవాలి. స్కానరులో అవి "నాట్ రెడీ" అని వరసగా కనబడితే, లేదా ఈమధ్యే బ్యాటరీ మార్చానని అమ్మేవాడు కథ మొదలెడితే, వారం తర్వాత మళ్ళీ చూస్తానని చెప్పి వచ్చెయ్యండి. అన్నయ్యే కావచ్చు, తమ్ముడే కావచ్చు.

సీసా మీద "ఈపీఏ రిజిస్టర్డ్" అని గొప్పగా ఉంటుంది కదా? పెట్రోల్లో కలిపే ఏ మందయినా అమ్మాలంటే రిజిస్టర్ చేయించుకోవాల్సిందే. ప్రభుత్వం దాన్ని మెచ్చుకుందనీ కాదు, అది పనిచేస్తుందనీ కాదు. మైలేజీ పెంచుతామన్న పరికరాలూ మందులూ నూటికి పైగా ఈపీఏ పరిశీలించింది, ప్రయోజనం కనిపించినవి బహు కొద్ది. ఆక్టేన్ బూస్టర్లదయితే అంకెల గారడీ. "5 పాయింట్లు పెరుగుతుంది" అంటే 87 కాస్తా 92 అవుతుందనుకుంటాం. వాళ్ళ లెక్కలో పాయింటంటే చాలాసార్లు పదోవంతు, అంటే 87.5. మన దేశంలో 1996లో రామర్ పిళ్ళై ఆకులతో నీళ్ళని పెట్రోలు చేస్తానంటే పెద్దపెద్దవాళ్ళే నమ్మారు. 2016లో చెన్నై కోర్టు మూడేళ్ళ శిక్ష వేసింది. ట్యాంకులో అద్భుతం జరగాలన్న ఆశ మనకి పాతదే.

ఇప్పుడు ఆ ఆశకి కొత్త గిరాకీ వచ్చింది. 2025కల్లా దేశమంతా ఈ20 పెట్రోలే. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో కంటే మూడోవంతు తక్కువ. అయిదోవంతు ఇథనాలు కలిస్తే మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. ఎంత మైలేజీ పోతుందన్నదానిమీద 2025లో పెద్ద గొడవే జరిగింది, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పిటిషను కొట్టేశారు. ఆ గొడవ వెనకాలే వచ్చాయి "ఈ20 నుంచి మీ బండిని కాపాడే" సీసాలు. గుంటూరు నుంచి మా బాబాయి ఫోను చేసి, తన 2012 కారుకి ఏ కంపెనీది మంచిదో చెప్పమన్నాడు. నలభై లీటర్ల ట్యాంకులో తగ్గిన శక్తిని యాభై మిల్లీలీటర్ల సీసా ఎక్కడినుంచి తెస్తుంది బాబాయ్ అన్నాను. తుప్పు పట్టకుండా కొంత ఉపయోగముంటే ఉండొచ్చు, ఇథనాలుకి ఉబ్బి పగిలే పాత రబ్బరు గొట్టాన్ని మాత్రం అది మళ్ళీ కొత్తది చెయ్యలేదు. ఆ గొట్టాలూ సీళ్ళూ ఒకసారి చూపించుకో, పెట్రోలు వాసనేమన్నా వస్తోందా చూడు అన్నాను.

వెళ్ళాడు. ఒక గొట్టం చెమరుస్తోందట, మార్పించాడు. సీసాల డబ్బులు మిగిలాయని నన్ను మెచ్చుకోలేదు గానీ, మైలేజీ తగ్గిందని గవర్నమెంటుని ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు.