మూడక్షరాల పేరును ఎవరికి ధారాదత్తం చేశారు?

వాంతులు, విరేచనాలతో పసిబిడ్డ చనిపోతే మన పాలకులకు ముందుగా గుర్తుకొచ్చేది తల్లి అజ్ఞానమే. సకాలంలో ఆసుపత్రికి తేలేదంటారు, ఓఆర్‌ఎస్ పట్టలేదంటారు. మరి ఓఆర్‌ఎస్ అని నమ్మి ఆ తల్లి కొన్న డబ్బాలో ఉన్నదేమిటో ఎవరు చెప్పాలి?

1971లో బంగ్లాదేశ్ విముక్తి యుద్ధకాలాన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో శరణార్థుల మధ్య కలరా ప్రబలింది. సెలైన్ నిల్వలు అడుగంటగా, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాగించారు. దాదాపు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. పేదవాడి కోసం పుట్టిన వైద్యమది.

ఆ వైద్యం మర్మమంతా కొలతలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సూచిస్తున్న మిశ్రమంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ మేరకు ఉంటే పేగు ఉప్పునూ నీటినీ పీల్చుకుంటుంది. మితిమీరితే ఒంట్లోని నీరే పేగులోకి చేరి విరేచనాలు హెచ్చుతాయి. అయినా అంతకు ఎన్నో రెట్ల చక్కెర ఉన్న పానీయాలు అదే పేరు తగిలించుకుని మందుల దుకాణాలలో అమ్ముడయ్యాయి.

ఆపవలసిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఏం చేసింది? ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ కాదని అట్టపై ముద్రిస్తే చాలునని 2022 జులైలో తలుపు తెరిచింది. పేరు పెద్ద అక్షరాలలో, నిజం చిన్న అక్షరాలలో! హైదరాబాద్ శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో గాని ఆ అనుమతి రద్దు కాలేదు.

ఇవి మందులు కావు, ఆరోగ్యవంతులు తాగే పానీయాలని సమర్థించుకునేవారున్నారు. అలాగైతే రోగుల మందు పేరుతో వాటికేం పని? పాలలో నీళ్లు కలిపితే నేరమన్న రాజ్యానికి, ప్రాణం నిలిపే పేరులో చక్కెర కలపడం నేరంగా తోచలేదా?

పసిబిడ్డకు కావలసింది ఖరీదైన వైద్యం కాదు. తల్లిపాలు ఆపకూడదు. అసలైన పొట్లాన్ని దానిపై రాసిన కొలత ప్రకారం శుభ్రమైన నీటిలో కలిపి, వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తోడుగా జింకు ఇవ్వాలి. కళ్లు లోతుకుపోయినా, మూత్రం ఆగినా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇదంతా తల్లి చేయగలదు. ఆ పొట్లమూ జింకూ ప్రతి ఆశా కార్యకర్త సంచిలో ఎల్లవేళలా ఉండేలా చూడటం, దొంగపేర్లు మళ్లీ దుకాణాలకెక్కకుండా కాపలా కాయడం మాత్రం ప్రభుత్వం పని. తన పని తాను చేయని ప్రభుత్వానికి తల్లిని తప్పుపట్టే హక్కు లేదు.