నెల రోజుల సీసీ ఫుటేజీ పన్నెండో రోజుకే ఎందుకు మాయమవుతుంది?

కర్మన్‌ఘాట్‌లో ఓ కాలనీ అనుకుందాం. వీధి మొదట్లో, చివర్లో, గేటు దగ్గర కలిపి ఎనిమిది కెమెరాలు. నాలుగు టీబీల హార్డ్‌డిస్క్. ఊరెళ్లిన ఒకాయన రెండు వారాలకు తిరిగొస్తే ఇంటి ముందు పెట్టిన బైక్ లేదు. పోలీసులు ఫుటేజీ అడిగారు. తీరా చూస్తే పన్నెండు రోజుల కిందటిది ఏదీ లేదు, దాని మీద కొత్తది రికార్డయిపోయింది. కెమెరాలన్నీ పనిచేస్తున్నాయి, డిస్క్‌కూ ఏమీ కాలేదు. తప్పు లెక్కలో ఉంది.

ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. అంటే ఇరవై లక్షలకు పైనే. ఒక్కో చుక్క రంగుకు మూడు బైట్లు, సెకనుకు 25 బొమ్మలు. ఏ కుదింపూ లేకుండా దాచాలంటే ఒక్క కెమెరాకే రోజుకు 13.4 టీబీలు కావాలి. మన నాలుగు టీబీల డిస్క్ ఏడెనిమిది గంటల్లో నిండిపోతుంది. అది కూడా ఒక్క కెమెరాతోనే!

హెచ్.264 పద్ధతిలో సెకనుకు నాలుగు మెగాబిట్ల చొప్పున కుదిస్తే అదే కెమెరాకు రోజుకు 43 జీబీలు చాలు. అంటే మూడు వందల వంతుల్లో ఒక వంతు. ఎనిమిది కెమెరాలకు రోజుకు 346 జీబీలు. నాలుగు టీబీలను దాంతో భాగించండి, పదకొండున్నర రోజులు వస్తుంది. పై కథలో జరిగింది ఇదే.

ఈ కుదింపు ఎలా జరుగుతుంది?

బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోస్తారు. గడిలో కంటికి పెద్దగా ఆనని సన్నని వివరాలను వదిలేస్తారు. దీనికి ఆధారమైన గణితం డీసీటీ. నసీర్ అహ్మద్, టి.నటరాజన్‌లతో కలిసి 1974లో దాన్ని ప్రచురించిన మూడో వ్యక్తి కామిశెట్టి రామమోహన రావు. మన ఫోన్లోని జేపెగ్ ఫొటో మొదలు వీధి కెమెరా వీడియో దాకా ఆ లెక్క మీదే నడుస్తున్నాయి. వీడియోలో ఇంకో సౌకర్యం ఉంది. కిందటి బొమ్మకూ ఇప్పటి బొమ్మకూ ఉన్న తేడాను మాత్రమే రాసుకోవచ్చు. అర్ధరాత్రి ఖాళీ వీధికి దాదాపు ఏమీ రాయనక్కర్లేదు. హనుమజ్జయంతి రోజు ధ్యానాంజనేయస్వామి గుడి ముందు మాత్రం అంతా కదలికే, రాయాల్సింది ఒక్కసారిగా పెరిగిపోతుంది.

2013లో వచ్చిన హెచ్.265 ఇదే నాణ్యతను సగం డేటాలో ఇవ్వాలన్న లక్ష్యంతో తయారైంది. కానీ ఊరికే రాలేదు, ఒక్కో గడికి చేయాల్సిన లెక్కలు బాగా పెరిగాయి. ఒక్క ప్రాసెసర్ వరసగా చేసుకుంటూ పోతే సెకనుకు 25 బొమ్మలు అందవు. అందుకే పనిని పంచుతారు.

64 చుక్కల గళ్లుగా కోస్తే ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 17 వరసలు, వరసకు 30 గళ్లు, మొత్తం 510. పక్క గడిని, పై గడిని చూసి ఈ గడిని అంచనా వేస్తారు కాబట్టి అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం కుదరదు. నాట్ల వేళ కూలీలు ఒకరి వెనక ఒకరు కాస్త ఎడంగా సాగినట్టు, పై వరస రెండు గళ్లు ముందుకెళ్లాక కింది వరస మొదలవుతుంది. గడికి ఒకే సమయం పడుతుందనుకుంటే 510 అడుగుల పని 62 అడుగుల్లో తెమిలిపోతుంది. ఎనిమిది రెట్ల వేగం. 17 మందిని పెట్టినా 17 రెట్లు రాదు, ఏ క్షణంలోనైనా 15 వరసలకు మించి కలిసి నడవవు. మరో దారి, బొమ్మను విడి ముక్కలుగా కోసి ఒక్కో ముక్కను ఒక్కో ప్రాసెసర్‌కు ఇవ్వడం. వేగం బాగుంటుంది కానీ ముక్కల సరిహద్దు దగ్గర పక్క గడి సాయం పోతుంది, ఫైలు కొంత పెరుగుతుంది.

మన డబ్బాలో ఏం జరుగుతోంది?

ఐపీ కెమెరా అయితే దానిలోని చిప్పే కుదించి పంపుతుంది. మామూలు కేబుల్ కెమెరాలైతే ఎనిమిదింటి పనీ డీవీఆర్‌లోని ఒకే చిప్ మీద పడుతుంది. చవక డబ్బాలు ఆ భారం మోయలేక సెకనుకు బొమ్మల సంఖ్య తగ్గిస్తాయి, లేదంటే వెడల్పులో సగం చుక్కలు వదిలేస్తాయి. పెట్టె మీద '1080ఎన్' అని ఉంటే 1920 బదులు 960 చుక్కలే అని అర్థం. నాకు దీని మీదే ఎక్కువ అభ్యంతరం. నంబర్ ప్లేటు చదవడానికి పెట్టిన కెమెరాలో పోయేది ఆ ప్లేటు అక్షరాలే. రాత్రిపూట చీకటి మచ్చలు కూడా కదలికలాగే లెక్కకొస్తాయి కాబట్టి ఉన్న కాస్త డేటా వాటికే ఖర్చయిపోతుంది.

చట్టం ఏమంటోంది?

దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లు 2013 ఫిబ్రవరి 21న జరిగాయి. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం పెద్ద సంఖ్యలో చేరే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజీ దాచాలి. పోలీస్ స్టేషన్లలోని కెమెరాల విషయంలో సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో 18 నెలలు దాచాలని చెప్పింది, వీలుకాని చోట కనీసం ఏడాది.

ఎనిమిది కెమెరాలకు నెల కావాలంటే నాలుగు మెగాబిట్ల దగ్గర పదిన్నర టీబీలు, హెచ్.265లో రెండు మెగాబిట్లకు దించితే 5.2 టీబీలు. చవక చిప్‌లు ఆ సగం పొదుపును పూర్తిగా ఇవ్వవు, కాబట్టి కాస్త ఎక్కువే పెట్టుకోండి. కొనేముందు డీవీఆర్ ఎన్ని టీబీల డిస్క్ తీసుకుంటుందో, అన్ని ఛానెళ్లూ నడుస్తుండగా సెకనుకు ఎన్ని బొమ్మలు ఇస్తుందో అడగండి.

ఫుటేజీ దొరికాక వాట్సాప్‌లో పంపకండి. అది మళ్లీ కుదిస్తుంది, మిగిలిన అక్షరాలూ పోతాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. ఒక్క బిట్ మారినా ఆ విలువ మారిపోతుంది. డీవీఆర్ నుంచి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి తీసి, అదే పోలీసులకు ఇవ్వండి.