ఊరు మారిన కుటుంబం

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ‘ఊరు మారి చూడు’ అనే మూడవ మాటను కూడా దానికి చేర్చవలసిన కాలం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 జనాభా లెక్కల నాటికి నూటికి 27 మంది పట్టణవాసులు కాగా, 2011 నాటికి ఆ సంఖ్య 33కు చేరింది. చదువు కోసమో, కొలువు కోసమో, కూలి కోసమో పుట్టిన ఊరిని విడిచివచ్చిన కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి.

కొత్త పట్టణంలో అడుగుపెట్టిన కుటుంబానికి అద్దె ఇల్లు, మంచినీరు, బడి మొదటి సమస్యలుగా కనబడతాయి. ఇవి ఏదో ఒక విధంగా తీరేవే. తీరని వెలితి మరొకటి ఉన్నది. అది పరిచయం లేకపోవడం. సొంత ఊరిలో తండ్రి పేరు చెబితే చాలు, దుకాణదారు సరుకులు అరువిచ్చేవాడు. బిడ్డకు జ్వరం వస్తే పొరుగింటి పెద్దమ్మ పిలవకుండానే వచ్చేది. సాయంకాలం అరుగు మీద కూర్చుంటే తాతకు మాట్లాడేందుకు పదిమంది దొరికేవారు. పట్టణంలో ఆ తాత గది గోడల నడుమ మౌనంగా ఉండిపోతాడు. పిల్లవాడు తన యాసలో నోరు విప్పగానే తరగతి నవ్వుతుంది. మరునాటి నుండి వాడు మాట్లాడడమే తగ్గిస్తాడు.

ఇష్టపడి వచ్చినవారి స్థితియే ఇట్లుండగా, విధిలేక కదిలినవారి స్థితి మరింత దయనీయం. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1981 ప్రాంతంలో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వంద దాకా గ్రామాలు ముంపునకు గురయ్యాయి. కృష్ణా తుంగభద్రల సంగమస్థలిలోని కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించి, తిరిగి యథాతథంగా నిలబెట్టారు. అది ప్రశంసనీయమైన కార్యం. కాని ఆ ఊళ్లలోని మనుషుల విషయంలో అంతటి శ్రద్ధ కనబడలేదు. చాలామందికి ప్రధానంగా దక్కినది పరిహారపు సొమ్ము. ఒకే వీధిలో తరతరాలుగా మెలగినవారు తలొక దిక్కుకు చెదిరిపోయారు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో గుర్తుంచుకున్న సమాజం, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో మరచిపోయింది.

కాలమే అన్నిటినీ సర్దుతుందని, వచ్చినవారే కొత్త పద్ధతులు నేర్చుకోవాలని కొందరంటారు. అందులో కొంత నిజమున్నది. వలస వచ్చిన కుటుంబం తలుపు మూసుకొని కూర్చుంటే ఏ ఊరూ తనది కాదు. అయితే చెట్టును పెరికి మరొక చోట నాటినప్పుడు వేళ్లతో పాటు కొంత పాత మట్టి కూడా ఉండాలి. కొత్త నేల కూడా తడిగా ఉండాలి. భారమంతా మొక్క మీదనే మోపడం న్యాయం కాదు.

ఈ సత్యాన్ని చట్టం ఆలస్యంగానైనా గుర్తించింది. భూసేకరణకు సంబంధించిన 2013 నాటి చట్టం పునరావాసాన్ని నిర్వాసితుల హక్కుగా చేసింది. గిరిజన కుటుంబాలను చెదరగొట్టక వీలైనంతవరకు ఒకే చోట కలిపి నిలపాలని నిర్దేశించింది. బదిలీ పత్రం రావడం ఆలస్యమైనదన్న సాకుతో ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది.

కాని చట్టం చేయగలిగినదానికి ఒక హద్దు ఉన్నది. అది బడి తలుపు తెరిపించగలదు. బల్ల మీద కొంచెం జరిగి చోటివ్వవలసినది తోటి విద్యార్థియే. అది ఇంటి స్థలం ఇప్పించగలదు. ‘ఏ ఊరు మీది?’ అని ఆప్యాయంగా అడగవలసినది పొరుగువారే. ఆ ప్రశ్న వినబడిన రోజుననే ఊరు మారిన కుటుంబానికి కొత్త ఊరు సొంత ఊరు కావడం మొదలవుతుంది.