నీరు తీసేస్తే సరిపోతుందా?

వాన చినుకు కోసం ఏటా ఆకాశం కేసి చూసే నేల అనంతపురం. ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. అక్కడ బోరులో నీళ్లు పడ్డాయంటే ఊరికే పండగ. అదే, డాక్టరు ఎక్స్‌రే చూసి ‘ఊపిరితిత్తుల దగ్గర నీరు చేరింది’ అన్నారంటే మాత్రం ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. దానికి కారణం క్యాన్సర్‌ అని తేలితే ఇక చెప్పక్కర్లేదు.

అప్పుడు అందరి నోటా వచ్చే మాట ఒకటే... ‘తీసేయండి డాక్టర్‌గారూ!’ తీయడం అంత కష్టమేమీ కాదు. చిక్కంతా ఆ తర్వాతే. తీసిన నీరు మళ్లీ ఊరుతుంది. వచ్చినప్పుడల్లా తీయించుకోవాలా? ఊరకుండా చేయించుకోవాలా? ఇంట్లోనే తీసుకునే ఏర్పాటు చేసుకోవాలా? ఇది డాక్టరు ఒక్కరే తేల్చే విషయం కాదు.

రెండు పొరల నడుమ...

నీరు చేరేది ఊపిరితిత్తి లోపల కాదు, బయట. దాని చుట్టూ ప్లూరా అనే రెండు పల్చటి పొరలుంటాయి. వాటి నడుమ రెండు మూడు చెంచాల ద్రవం ఎప్పుడూ ఉంటుంది. బండి ఇరుసుకు కందెన ఎలాగో ఊపిరికి ఇది అలాగ. ఊపిరితిత్తులు, రొమ్ము, అండాశయాల క్యాన్సర్లు, లింఫోమా వంటివి ఈ పొరలకు పాకితే ద్రవం ఎక్కువగా ఊరుతుంది. ఇంకిపోయే దారులు మూసుకుపోతాయి. లీటరో, రెండు లీటర్లో చేరేసరికి ఊపిరితిత్తి నలిగిపోతుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఆగని పొడి దగ్గు, వెల్లకిలా పడుకోలేకపోవడం... ఇవీ లక్షణాలు.

అంతా క్యాన్సరే కాదు

మన దగ్గర క్షయ వల్ల నీరు చేరడమూ ఎక్కువే. గుండె, కాలేయం, కిడ్నీ జబ్బుల్లోనూ చేరుతుంది. అందుకే నీటిని పరీక్షకు పంపకుండా నెలల తరబడి టీబీ మందులు వాడుతూ కూర్చోవడం ప్రమాదం. మరో సంగతి... క్యాన్సర్‌ ఉన్నా దాని కణాలు మొదటి పరీక్షలో దొరక్కపోవచ్చు. అనుమానం ఉంటే మళ్లీ పరీక్షించాలి. అవసరమైతే పొర నుంచి చిన్న ముక్క తీసి చూడాలి.

‘సూది గుచ్చితే క్యాన్సర్‌ పాకుతుంది’ అని కొందరు భయపడతారు. అలా జరగడం చాలా అరుదు. ఆ భయంతో ఊపిరాడక అల్లాడాల్సిన పని లేదు. తాగే నీళ్లు తగ్గిస్తే ఈ నీరు తగ్గుతుందన్నదీ అపోహే.

దారులు మూడు

నీరున్నా ఆయాసం లేకపోతే తీయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. లింఫోమా, చిన్న కణాల ఊపిరితిత్తుల క్యాన్సర్‌ వంటివి కీమోకు బాగా లొంగుతాయి కాబట్టి మందులతోనే నీరు తగ్గొచ్చు. అలా కానప్పుడే ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి.

మొదటిది, సూదితో తీయడం. ఒకసారికి సుమారు లీటరున్నర మించకుండా తీస్తారు. గబగబా ఎక్కువ తీస్తే ఊపిరితిత్తి వాచే ముప్పుంది. ఆ పూటే ఇంటికెళ్లొచ్చు. కానీ చాలామందిలో నెల తిరిగేలోపే నీరు మళ్లీ చేరుతుంది. తీసిన ప్రతిసారీ ఒంట్లోని ప్రొటీనూ పోతుంది.

రెండోది, పొరలను అతికించడం. దీన్ని ప్లూరోడెసిస్‌ అంటారు. ఛాతీలోకి గొట్టం వేసి నీరంతా తీశాక శుద్ధి చేసిన టాల్క్‌ పొడి పంపిస్తారు. పొరలు అతుక్కుపోతే నీరు నిలిచే చోటే ఉండదు. ఎక్కువమందిలో ఫలిస్తుంది. అయితే కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి. నొప్పి, జ్వరం రావచ్చు. నీరు తీశాక ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకునే వారికే ఇది పనికొస్తుంది.

మూడోది, చర్మం కింద నుంచి సన్నటి మెత్తని గొట్టం అమర్చి ఉంచడం. ఇంట్లోవాళ్లు నేర్చుకుంటే వారానికి రెండు మూడుసార్లు వాళ్లే నీరు తీయొచ్చు. ఊపిరితిత్తి విచ్చుకోని వారికీ పనికొస్తుంది. కానీ గొట్టం, సీసాల ఖర్చుంది. శుభ్రత పాటించకపోతే చీము పడుతుంది.

ఏది మేలు? 2012లో వెలువడిన బ్రిటన్‌ అధ్యయనంలో ఆయాసం తగ్గించడంలో గొట్టం, టాల్క్‌ రెండూ సమానమేనని తేలింది. 2017లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌, సింగపూర్‌, హాంకాంగ్‌లలో 146 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలొచ్చాయి. గొట్టం పెట్టించుకున్నవారు ఆసుపత్రిలో గడిపింది 10 రోజులు, టాల్క్‌వారు 12 రోజులు. తేడా చిన్నదే. అంటే, గెలుపోటములు మందులో లేవు... మనిషి పరిస్థితిలో ఉన్నాయి.

దూరమూ లెక్కలోకే

అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్లకు పైనే. కిద్వాయ్‌ ఆసుపత్రికి ఆ దారినే వెళ్లేవారు ఎందరో. మారుమూల పల్లె నుంచైతే అనంతపురం రావడానికే ఒక పూట పడుతుంది. తోడు వచ్చే కొడుక్కి ఆ రోజు కూలి పోతుంది. సూదితో తీయడం జిల్లా ఆసుపత్రిలోనే అవుతుంది. గొట్టం అమర్చడానికి పెద్ద నగరానికి వెళ్లాల్సి రావచ్చు. కానీ ఒకసారి పెట్టించుకుంటే తర్వాతి ప్రయాణాలు తగ్గుతాయి. ఇంట్లో చూసుకునే మనిషి లేకపోతే టాల్క్‌ నయమనిపించొచ్చు. మిగిలింది వారాలే అయితే సూదితో ఒకసారి తీయించి ఇంటికి తీసుకెళ్లడమే మంచిది కావచ్చు.

2007 ఏప్రిల్‌ 1న ఆరోగ్యశ్రీ తొలిసారి మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్‌ వైద్యసేవ. అందులో ఏ చికిత్స, ఏ సామగ్రి వర్తిస్తాయో పథకం కౌంటర్లో ముందే కనుక్కోవాలి.

పెద్దాయన్ని అడిగారా?

క్యాన్సర్‌తో ఇలా నీరు చేరిందంటే జబ్బు ముదిరినట్లే. చాలామందికి మిగిలే కాలం నెలల్లోనే ఉంటుంది. అందుకే ‘నాయనకు మాత్రం చెప్పొద్దు డాక్టర్‌గారూ’ అంటారు పిల్లలు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ నెలలు ఆయనవి. ఆసుపత్రి మంచం మీద ఉండాలా, వేపచెట్టు కింద నులక మంచం మీద ఉండాలా అన్నది ఆయన్నే అడగాలి. అన్నీ ఒక్కసారే చెప్పక్కర్లేదు. ‘నీకు దేనికి బాధగా ఉంది? ఎక్కడుండాలనుంది?’ అని అడిగితే చాలు, దారి ఆయనే చూపిస్తాడు.

డాక్టర్ని అడగండి

* నీరు తీశాక ఆయాసం తగ్గుతుందా? ఊపిరితిత్తి విచ్చుకుందా?
* ఈ క్యాన్సర్‌ మందులకు లొంగుతుందా?
* ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి? ఎన్నిసార్లు రావాలి?
* గొట్టం పెడితే ఇంట్లో ఎవరు నేర్చుకోవాలి? జ్వరం వస్తే, గొట్టం దగ్గర ఎర్రబడితే ఎక్కడికి వెళ్లాలి?
* నీరు తీసినా ఆయాసం తగ్గకపోతే ఏం చేస్తారు?

ఈ చివరి ప్రశ్నకూ జవాబుంది. తక్కువ మోతాదులో మార్ఫిన్‌, ముఖానికి తగిలేలా ఫ్యాను గాలి, వీపు కింద దిండ్ల ఆసరా ఆయాసాన్ని తగ్గిస్తాయి. ‘ఇక చేసేదేం లేదు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. జబ్బు నయం కాకపోవచ్చు. కానీ హాయిగా ఊపిరి పీల్చుకోనివ్వడం మాత్రం చివరిదాకా చేయగలిగిన పనే.